గిన్నెలో నీరుంది, దాహం తీరలేదు

రామచంద్రపురం ప్రాంతం నీటికి పేరుపడిన సీమ. ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుండి తూర్పు డెల్టా కాలువలు ఈ ఊళ్ల వరిచేలను తడుపుతూ వచ్చాయి. వేసవిలో కాలువలు కట్టివేసినా ఇంటి అవసరాలకు నీరు ఏదో ఒక విధంగా సమకూరుతుంది. ఇటువంటి చోట ఒక ప్రాణి మన ఇంటిలో, నీటి గిన్నె ప్రక్కనే దాహంతో చనిపోతుందంటే నమ్మబుద్ధి కాదు. అయినా ఆ విధంగా జరుగుతుంది. బడి నుండి వచ్చే దారిలో కంచె మీద దొరికిన ఊసరవెల్లి పిల్లను పిల్లవాడు తెచ్చి అట్టపెట్టెలో ఉంచుతాడు. తల్లి జాలిపడి సీసా మూతలో నీళ్లు పోసి పెడుతుంది. రెండు రోజులు గడుస్తాయి. మూతలోని నీరు తగ్గదు. మూడవ రోజున పిల్ల పట్టపగలే కళ్లు మూసుకొని కదలకుండా ఉంటుంది. “నీళ్లు పెట్టాము కదా, త్రాగకపోతే మనమేం చేస్తాము?” అని ఇంటిల్లిపాదీ అనుకుంటారు.

ఈ నెల మేము ఆ మాటను గురించే వ్రాయదలిచాము. నీళ్లు పెట్టడం వేరు, దాహం తీర్చడం వేరు. ఒక ప్రాణి నీటిని ఏ విధంగా త్రాగుతుందో తెలుసుకోకుండా చూపిన దయ సగంలోనే ఆగిపోతుంది. ఊసరవెల్లి పిల్ల మనకు ఈ సంగతిని స్పష్టంగా నేర్పుతుంది.

ముందుగా ప్రాణిని గుర్తించండి

మన ఊళ్లలో పిల్లలు ఊసరవెల్లి అని చెప్పి చూపేది చాలాసార్లు తొండే. తొండ చురుకుగా పరుగెత్తుతుంది. వీపు మీద రంపపు పళ్ల వంటి ముళ్లు ఉంటాయి. జతకట్టే కాలంలో మగతొండ తల, మెడ ఎర్రబారుతాయి. ఊసరవెల్లి నడక వేరు. అది గాలికి ఊగే ఆకువలె ముందుకూ వెనుకకూ ఊగుతూ ఒక్కొక్క అడుగే వేస్తుంది. దాని శరీరం రెండు ప్రక్కల నుండి నొక్కినట్లు పలుచగా ఉంటుంది. వ్రేళ్లు రెండు ఒకవైపు, మూడు మరొకవైపు కలిసిపోయి కొమ్మను పట్టకారువలె పట్టుకొంటాయి. తోక చుట్టచుట్టుకొంటుంది. రెండు కళ్లూ వేటికవే వేర్వేరు దిక్కులకు తిరుగుతాయి. దీనికి విషం లేదు. కరిస్తే ప్రాణం పోతుందన్న మాటలో నిజం లేదు.

అది నీటిని చూసే తీరు

ఊసరవెల్లి చెట్ల మీద, పొదల మీద బ్రతికే జీవి. నేలమీదికి రావడం అరుదు. ఆడది గుడ్లు పెట్టవలసి వచ్చినప్పుడు దిగి, మట్టిలో గుంత తవ్వి, గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. మిగిలిన జీవితమంతా కొమ్మల మీదే. కొమ్మల మీద చెరువులు ఉండవు, గిన్నెలు ఉండవు. అక్కడ దొరికే నీరు రెండు విధాలుగా ఉంటుంది: తెల్లవారుజామున ఆకులపై నిలిచే మంచు బిందువులు, వాన కురిసినప్పుడు ఆకుల నుండి జారే చుక్కలు. ఊసరవెల్లి కంటికి నీరంటే మెరిసేది, కదిలేది, జారేది. గిన్నెలో కదలకుండా ఉన్న నీటిని అది సాధారణంగా నీరుగా గుర్తించదు. అందుచేత గిన్నె ప్రక్కనే ఉండి కూడా దాహంతో ఎండిపోతుంది.

పిల్లల విషయంలో ప్రమాదం మరింత ఎక్కువ. చిన్న శరీరంలో నిల్వ ఉండే నీరు తక్కువ. శరీర పరిమాణంతో పోల్చితే గాలికి, వేడికి తగిలే చర్మం ఎక్కువ. పెద్ద ఊసరవెల్లి కొంతకాలం ఓర్చుకోగల ఎండను పిల్ల ఓర్చుకోలేదు. అందునా అట్టపెట్టె తేమను పీల్చేస్తుంది. ప్లాస్టిక్ డబ్బా ఎండలో ఉంటే కొద్ది సేపటిలోనే వేడెక్కిపోతుంది.

దాని ఆహారానికి కూడా నీరే ఆధారం. ఊసరవెల్లి తన శరీరం కంటె పొడవైన నాలుకను విసిరి పురుగును పట్టుకొంటుంది. ఆ నాలుక చివర ఉండే జిగురు మనిషి లాలాజలం కంటె దాదాపు 400 రెట్లు చిక్కనిదని 2016లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. నీరు తగ్గి నీరసించిన పిల్ల నాలుకను సరిగా విసరలేదు. విసరలేక పురుగును పట్టలేదు. పురుగు దొరకక, దానిలోని తేమ కూడా అందక మరింత నీరసిస్తుంది. “తినడం లేదు” అని మనం బాధపడేది తరచు త్రాగకపోవడంతోనే మొదలై ఉంటుంది.

మొదటి కర్తవ్యం: ఉన్నచోటికి చేర్చడం

నీటి సంగతికి ముందు ఒక మాట చెప్పక తప్పదు. మన దేశపు ఊసరవెల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షణ పొందిన జీవి. చంపడంతో పాటు పట్టడాన్నీ, ఉచ్చు పెట్టడాన్నీ ఆ చట్టం వేటగానే లెక్కిస్తుంది. కనుక దానిని ఇంటిలో పెంచుకొనే హక్కు మనకు లేదు. పిల్లవాడు ముద్దుపడి తెచ్చినా అది తిరిగి వెళ్లవలసినదే.

ధర్మం కూడా ఈ దారినే చూపుతుంది. ఒక ప్రయాణంలో సహాబాలు ఒక చిన్న పక్షి గూటి నుండి దాని పిల్లలను తీసుకొన్నారు. తల్లిపక్షి వచ్చి రెక్కలు కొట్టుకొంటూ తల్లడిల్లింది. అది చూసిన దైవప్రవక్త (స) పిల్లలను తల్లికి తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారు. ఊసరవెల్లి తల్లి తన పిల్లలను సాకదు. గుడ్డు నుండి వెలువడిన నాటి నుండే పిల్ల తన బ్రతుకు తాను చూసుకొంటుంది. అయినా దానికి దాని పొద ఉంది, దాని మంచు ఉంది, దాని పురుగులు ఉన్నాయి. వాటి నుండి వేరుచేసినది మనమే. తిరిగి చేర్చవలసిన బాధ్యత కూడా మనదే.

పిల్ల చురుకుగా ఉంటే అదే రోజున, ఎండ తగ్గిన వేళ గాని మరునాటి ఉదయం గాని, తెచ్చిన చోటనే పొద మీద వదలాలి. నేలమీద వదలరాదు, చీమలు, కోళ్లు, కుక్కలు, బండ్లు ఉంటాయి. మందు చల్లిన చేనికి, తోటకు దూరంగా వదలాలి. వదిలే పని పిల్లవాని చేతనే చేయించండి. తెచ్చినందుకు తిట్టడం కంటె, తిరిగి చేర్చినందుకు మెచ్చుకోవడం వాని మనస్సులో ఎక్కువ కాలం నిలుస్తుంది. పిల్ల గాయపడినా, లేవలేని స్థితిలో ఉన్నా అటవీశాఖ వారికి తెలియజేసి అప్పగించాలి.

అంతవరకు నీరు ఇచ్చే విధానం

ఒక రాత్రి, ఒక పూట ఇంటిలో ఉంచవలసి వచ్చినా నీరు దాని పద్ధతిలోనే ఇవ్వాలి. విదేశాలలో చట్టబద్ధంగా ఊసరవెల్లిని పెంచే మన తెలుగు కుటుంబాలకు కూడా ఈ వివరాలు పనికివస్తాయి. అమెరికాలో పెంపుడు జంతువుల దుకాణాలలో అమ్మే యెమెన్ ఊసరవెల్లి పేరుకు తగినట్లే యెమెన్, నైరుతి సౌదీ అరేబియా ప్రాంతాల జీవి. మన దేశంలోనైతే 2022లో వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణ ప్రకారం, సైటిస్ అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో ఉన్న విదేశీ జీవులను దగ్గర ఉంచుకొన్నవారు వాటిని నమోదు చేయించవలసి ఉంటుంది. దుకాణంవాడు అమ్మాడు గనుక తప్పులేదని అనుకోరాదు.

అట్టపెట్టెను ప్రక్కన పెట్టి, గాలి ఆడే జాలి ఉన్న బుట్టను గాని దోమతెర గుడ్డ కట్టిన చట్రాన్ని గాని తీసుకోండి. అందులో ఆకులున్న మందార కొమ్మలను నిలబెట్టండి. మనీప్లాంట్ తీగ కూడా మంచిదే. పురుగుమందు పడని మొక్క నుండే కోయాలి, కోసిన తరువాత కడగాలి.

మనం త్రాగే మంచినీటినే చల్లే సీసాలో పోసి, సన్నని తుంపరగా ఆకులపై చల్లాలి. పిల్ల ముఖం మీదికి నేరుగా కొట్టరాదు. ఆకుల కొనల నుండి చుక్కలు జారేవరకు చల్లి, అక్కడి నుండి మనం తప్పుకోవాలి. మనిషి ఎదురుగా నిలబడి ఉంటే అది భయపడి త్రాగదు. నీరు కనిపించిన వెంటనే కూడా త్రాగదు. కొన్ని నిమిషాలు చూసి, నిదానించి, ఆ తరువాత ఒక చుక్కను నాలుకతో అందుకొంటుంది. మొదటి చుక్క పడగానే ఆపివేయకుండా, మధ్య మధ్య మరికొంత చల్లుతూ త్రాగడం పూర్తికానివ్వాలి. పిల్లలకు రోజుకు రెండు మూడు సార్లు ఈ విధంగా అందాలి. వాటిలో తెల్లవారుజాము వేళ ముఖ్యమైనది. ఫజ్ర్ నమాజుకు లేచే ఇంటికి ఇది కష్టమైన పని కాదు. పొదల మీద మంచు నిలిచే వేళ కూడా అదే.

రెండవ పద్ధతి మరింత సులభం. ఒక కాగితపు గ్లాసు అడుగున సూదితో చిన్న రంధ్రం చేసి, నీరు పోసి, బుట్ట పైభాగాన ఉంచండి. చుక్క చుక్కగా ఒక ఆకు మీద పడి జారేటట్లు అమర్చండి. క్రింద ఒక పళ్లెం ఉంచితే నేల తడవదు. జారే చుక్క ఊసరవెల్లి దృష్టిని తప్పక లాగుతుంది.

చల్లిన తరువాత ఆకులు ఆరిపోవాలి. డెల్టా గాలిలో తేమ ఎక్కువ గనుక ఇది మనం ప్రత్యేకంగా గమనించవలసిన విషయం. రోజంతా తడిగా, గాలి ఆడకుండా ఉంచితే బూజు పడుతుంది, చర్మానికీ ఊపిరితిత్తులకూ రోగాలు వస్తాయి. మరొక వైపు, గాలిలో తేమ ఉన్నది కదా అని నీటి చుక్కలను మానరాదు. ఉక్కపోతలో మనకు మాత్రం దాహం వేయడం లేదా?

దాహాన్ని తెలిపే గుర్తులు

నోరులేని జీవి దాహాన్ని తన శరీరంతో చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఊసరవెల్లి కన్ను గుండ్రంగా, ఉబ్బెత్తుగా ఉంటుంది. కన్ను లోపలికి క్రుంగినట్లు కనిపిస్తే నీరు తగ్గిందని గ్రహించాలి. చర్మం ముడతలు పడి, మడతలు నిలిచిపోవడం మరొక గుర్తు.

అన్నింటికంటె ముందుగా తెలిపేది విసర్జన. సరీసృపాలు నీటిని ఆదా చేసుకోవడానికి మూత్రాన్ని చాలావరకు తెల్లని ముద్దగా విసర్జిస్తాయి. బల్లి రెట్టలో మనం చూసే తెల్లని భాగం అదే. ఊసరవెల్లి రెట్టలో ఈ భాగం తెల్లగా, మెత్తగా ఉంటే నీరు చాలుతున్నట్లు. కొద్దిగా పసుపుపచ్చగా మారితే నీరు పెంచాలి. నారింజరంగుకు తిరిగి, ఇసుకవలె గట్టిపడితే ప్రమాదం. చాలాకాలం నీరు చాలకపోతే మూత్రపిండాలు చెడిపోతాయి. ఆ తరువాత ఎంత నీరు ఇచ్చినా నష్టం పూడదు.

పట్టపగలు కళ్లు మూసుకొని ఉండడం, కొమ్మను పట్టుకోలేక జారిపోవడం, నోరు తెరచి ఊపిరి పీల్చడం కనిపిస్తే ఆలస్యం చేయక పశువైద్యునికి చూపాలి. మన దేశపు ఊసరవెల్లి అయితే అటవీశాఖ వారికి తెలిపి వారి ద్వారా చూపించాలి.

చేయకూడని పనులు

జాలితో చేసే కొన్ని పనులే ప్రాణాంతకమవుతాయి. నోరు బలవంతంగా తెరచి సిరంజితో నీరు పోయరాదు. నీరు ఊపిరితిత్తులలోకి పోతుంది. పిల్లను నీటిలో ముంచరాదు. బుట్టలో లోతైన గిన్నె ఉంచరాదు. జారిపడిన పిల్ల మునిగిపోతుంది. ఫ్రిజ్ నీరు చల్లరాదు. పాలు, పంచదార నీళ్లు పట్టరాదు. దానిని ముట్టుకొన్న తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సరీసృపాల ఒంటిపై ఉండే సాల్మొనెల్లా క్రిములు చిన్నపిల్లలకు జబ్బు తెస్తాయి. బుట్టను వంటింటిలో ఉంచరాదు.

గిర్గిట్ మీద రాయి ఎత్తే ముందు

కొన్ని ఇళ్లలో గిర్గిట్ కనిపించగానే రాయి ఎత్తే అలవాటు ఉంది. హజ్రత్ ఇబ్రాహీం (అలై) అగ్నిగుండం ప్రస్తావన ఉన్న హదీసును అందుకు కారణంగా చెబుతారు. ఆ హదీసులోని అరబీ పదం ‘వజగ్’. అది బల్లి జాతికి చెందిన పేరు. ఊసరవెల్లికి అరబీలో ‘హిర్బా’ అనే వేరే పేరు ఉంది. ఉర్దూలో కొందరు వజగ్‌ను గిర్గిట్ అని అనువదించడంతో, పొదలో తన దారిన తాను ఉండే ఊసరవెల్లి కూడా ఆ లెక్కలోకి చేరిపోయింది. హదీసుకు వివరణ చెప్పడం ధర్మపండితుల పని. సందేహం ఉన్నవారు వారిని అడగాలి. మేము ఇక్కడ చెబుతున్నది భాషకు సంబంధించిన విషయం మాత్రమే. అయితే ప్రాణమున్న జీవిని గురిగా నిలిపి కొట్టడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారన్నది అందరికీ తెలిసిన సంగతి. పిల్లలు వినోదానికి రాళ్లు రువ్వుతుంటే పెద్దలు చూస్తూ ఊరుకోరాదు.

ప్రతి ప్రాణికీ దాని గిన్నె

ఊసరవెల్లిని ఎన్నడూ చూడని ఇంటికి కూడా ఈ పాఠం వర్తిస్తుంది. మన ఇళ్లలో పావురాలను పెంచేవారు చాలామంది ఉన్నారు. కోడి ముక్కుతో నీటిని అందుకొని, తల పైకెత్తి మ్రింగుతుంది. పలుచని పళ్లెం దానికి చాలు. పావురం ముక్కును నీటిలో ముంచి, తల ఎత్తకుండా పీల్చుకొంటుంది. దానికి ముక్కు మునిగేంత లోతు కావాలి. కోడిపిల్లల పళ్లెంలో పావురానికి నీళ్లు పెడితే ఎంత తిరిగినా తృప్తిగా త్రాగలేదు. పావురపు గిన్నె కోడిపిల్లకు గండం. త్రాటితో కట్టిన మేకకు, త్రాడు అందనంత దూరంలో బకెట్ ఉంటే ఆ నీరు ఉన్నా లేనట్లే. నీరు పెట్టిన తరువాత ఒక్క నిమిషం నిలబడి, అది నిజంగా త్రాగిందా అని చూడడం పెంచేవారి విధి.

పిల్లిని కట్టివేసి చంపిన స్త్రీ వృత్తాంతం మనకు తెలిసినదే. ఆమె దానికి తిండి, నీరు ఇవ్వలేదు. పురుగూ పుట్రా తిని బ్రతకడానికి వదలనూ లేదు. అందుకు శిక్షకు గురయింది. ఈ వృత్తాంతం మన ముందు రెండు దారులను ఉంచుతుంది: పూర్తిగా చూసుకోవడం, లేదా విడిచిపెట్టడం. పట్టి ఉంచి పట్టించుకోకపోవడం అనే మూడవ దారి లేదు.

దాహంతో తడిమట్టిని నాకుతున్న కుక్కకు నీరు పట్టి అల్లాహ్ క్షమాభిక్ష పొందిన బాటసారి వృత్తాంతాన్ని కూడా మనం పిల్లలకు చెబుతుంటాము. చెప్పేటప్పుడు ఒక వివరాన్ని వదలకండి. ఆ కుక్క ఎదుటనే బావి ఉంది. బావి నిండా నీరు ఉంది. అయినా అది దాహంతో ఉంది, ఎందుకంటే ఆ నీరు దానికి అందే విధంగా లేదు. అప్పుడే తన దాహం తీర్చుకొన్న ఆ మనిషి దాని స్థితిని గ్రహించాడు. మళ్లీ బావిలోకి దిగి, తన తోలు మేజోడును నీటితో నింపి, దానిని నోట కరచుకొని పైకి ఎక్కి, కుక్క నోటికి అందించాడు. నీటిని అది త్రాగగల చోటికి తెచ్చాడు.

మీ ఇంటిలో మీ మీద ఆధారపడిన ప్రాణి ఏదైనా ఉంటే ఈ సాయంత్రం దాని నీటి గిన్నె దగ్గర కొద్దిసేపు కూర్చోండి. పిల్లలను కూడా కూర్చోబెట్టండి. గిన్నె దానికి అందుతున్నదా, లోతు సరిపోయిందా, నీరు నిన్నటిదా నేటిదా అని చూడండి. కంచె మీది ఊసరవెల్లి పిల్లను మాత్రం అక్కడే ఉండనివ్వండి. రేపు తెల్లవారేసరికి దానికి కావలసిన నీటిని అల్లాహ్ ఆకుల మీద సిద్ధంగా ఉంచుతాడు, ఇన్షా అల్లాహ్.